ముసుగు మాటున మాట – డేనియల్ డూమిలే స్మారకోపన్యాసము



2020 డిసెంబరు 31వ తేదీన, మహమ్మారి పీడితమైన ఆ సంవత్సరమునకు లోకము వీడ్కోలు చెప్పుచున్న దినమున, ఒక ఇల్లాలు తన భర్త మరణవార్తను బయటపెట్టినది. ఆ మరణము నాటిది కాదు. అంతకు రెండు నెలలు ముందుగానే, అక్టోబరు 31వ తేదీన, ఇంగ్లండులోని లీడ్స్ నగరమందలి ఒక ఆసుపత్రిలో, 49 సంవత్సరముల ప్రాయమున అతడు కన్నుమూసి యుండెను. గాయకుల గుమ్మముల యెదుట కెమెరాలు రేయింబవళ్లు కాపు కాయు ఈ కాలమున, దేశదేశములందు అభిమానులుగల వాగ్గేయకారుడొకడు మరణించియు రెండు మాసముల పాటు బ్రదికియున్న వానివలె చెలామణి యగుట మనకు అసంభవముగా తోచును. కాని ఇరువది యేండ్లకు పైగా తన ముఖమును లోకమునకు చూపక మసలిన వానికి ఇట్టి నిష్క్రమణము స్వభావానుగుణమే. అతని పేరు డేనియల్ డూమిలే. శ్రోతలెరిగిన పేరు ఎం.ఎఫ్. డూమ్. లోహపు ముఖమువాడని ఆ పొడి అక్షరముల కర్థము.

ర్యాప్ అనగానే మన సాహితీపరులలో పలువురు పెదవి విరుతురని నేనెరుగుదును. అది గానము కాదనియు, కవిత్వము అంతకంటెను కాదనియు, ధనమును, ఆయుధమును, స్త్రీని ప్రదర్శించు రచ్చమాత్రమనియు వారి అభిప్రాయము. ఆ అభిప్రాయమునకు ఆధారము లేకపోలేదు. అయినను ఒక కళను అందలి అధమోదాహరణములచే తూచుట న్యాయము కాదు. అందుచేతనే ఈ స్మారకసభలో ఆ కళయందు అక్షరమునే ఆరాధించిన ఒకని జీవితమును మీ ముందుంచ దలచితిని. నేను చెప్పదలచిన విషయ మొక్కటే. ఒక బొమ్మ అతని తొలి జీవితమును కూల్చినది. మరియొక బొమ్మను తానే ముఖమున ధరించి అతడు మలి జీవితమును కట్టుకొనెను. చూచువారి కంటికి మార్పులేని వస్తువు నొకదానిని అప్పగించి, తక్కిన సర్వస్వమును వారి చెవికి దఖలు పరచెను.

డూమిలే 1971 జూలై 13న లండను నగరమున జన్మించెను. తల్లి ట్రినిడాడ్ ద్వీపవాసిని. తండ్రి నేటి జింబాబ్వే దేశమువాడు. పసితనముననే కుటుంబము అమెరికాకు తరలి, న్యూయార్కు నగరమునకు తూర్పున నున్న లాంగ్ ఐలండున కాపురము పెట్టినది. ఆ ప్రయాణమున బాలునికి అమెరికా పౌరసత్వపు పత్రములు సమకూడలేదు. ఆ వెలితి దశాబ్దముల తరువాత ఏ రూపమున తిరిగివచ్చెనో ముందు చెప్పెదను. అతనికి రెండేండ్లు నిండిన కొలది దినములకు, 1973 ఆగస్టు 11న, న్యూయార్కులోని బ్రాంక్స్ ప్రాంతమున, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520వ నంబరు భవనమున జమైకా నుండి వలస వచ్చిన కూల్ హెర్క్ అను యువకుడు తన సోదరి ఏర్పాటు చేసిన వేడుకలో గ్రామఫోను రికార్డులు తిప్పెను. హిప్-హాప్ తన పుట్టినరోజును ఆ రాత్రి నుండి లెక్కించుకొనుచున్నది. కావున ఈ కళయు, ఈ కళాకారుడును ఇంచుమించు ఒక ఈడువారు. ఒకే ప్రాంతపు గాలి పీల్చి పెరిగినవారు.

డూమిలేకు డింగిలిజ్వే అను తమ్ముడుండెను. అన్నదమ్ములిద్దరును బొమ్మలు గీయువారు, కామిక్ పుస్తకములు చదువువారు, గోడలపై రంగులు చిమ్మువారు, రికార్డులు సేకరించువారు. వారు స్నేహితునితో కలిసి కె.ఎం.డి. అను బృందమును కట్టిరి. అన్న జెవ్ లవ్ ఎక్స్ అనియు, తమ్ముడు సబ్‌రాక్ అనియు పేర్లు పెట్టుకొనిరి. 1989లో థర్డ్ బేస్ అను బృందము తమ పాటలో అన్నకొక చరణము పాడు అవకాశ మిచ్చినది. ఆ చరణమును ఆలకించిన ఎలెక్ట్రా రికార్డుల కంపెనీ కె.ఎం.డి.తో ఒడంబడిక చేసికొనినది. 1991లో 'మిస్టర్ హుడ్' అను ఆల్బమ్ వెలువడినది. భాష నేర్పు రికార్డు నుండి కత్తిరించిన ఒక పెద్దమనిషి కంఠమును ఆ కుర్రవాండ్ర సంభాషణల నడుమ అతికించి, ఎన్నడును ఒకచోట కూడని మనుష్యులచేత మాటలాడించుట ఆ ఆల్బమ్‌లోని చమత్కారము. పరుల కంఠములను అతికి నాటకము నల్లు ఈ విద్య అతనిని కడవరకు వీడలేదు. నాడు అతని ముఖమున ముసుగు లేదు. నాటి ఛాయాచిత్రములలో మనకు కనబడునది నవ్వు మొగముగల యువకుడు.

ఆ బృందమునకు ఒక చిహ్నముండెను. అమెరికాలో శ్వేతజాతీయులు తమ ముఖములకు మసి పూసికొని నల్లవారిని అనుకరించుచు వేడుక చేయు నాటకములు పందొమ్మిదవ శతాబ్దము నుండి విరివిగా సాగినవి. ఆ నాటకముల నుండియు, ఆ కాలపు బొమ్మల పుస్తకముల నుండియు పుట్టినది సాంబో అను వికృతరూపము: బొగ్గువంటి ముఖము, గుండ్రని తెల్లగుడ్లు, ఉబ్బిన ఎర్రని పెదవులు, తెలివిలేని ఇకిలింపు. కె.ఎం.డి. యువకులు ఆ రూపమును గీసి, దానిపై నిషేధసూచకమైన అడ్డగీత కొట్టి, తమ ముద్రగా వాడుకొనిరి. రెండవ ఆల్బమ్‌కు డూమిలే స్వయముగా ముఖచిత్రము గీసెను. పిల్లలు పలకపై అక్షరములు ఊహించి ఆడుకొను ఉరిబొమ్మ ఆట అందలి దృశ్యము. ఉరికంబమున వ్రేలాడుచున్నది సాంబో. శతాబ్దకాలము తమ జాతిని అవమానించిన అపహాస్యమునకే ఆ చిత్రమున మరణశిక్ష పడినది. చూడ నేర్చిన వానికి ఇందు సందేహము లేదు.

ఆ ఆల్బమ్ పూర్తియగుచున్న దినములలో, 1993 ఏప్రిల్ 23న, సబ్‌రాక్ లాంగ్ ఐలండులో రహదారి దాటుచు కారు ఢీకొని మరణించెను. అతనికి ఇరువది యేండ్లైనను నిండలేదు. తమ్ముని చేతి సంగీతము టేపులపై నిలిచియుండగా, ఆ టేపులను అన్న ఒంటరిగా ముగించెను. మరుసటి సంవత్సరము విడుదలకు సిద్ధమగుచున్న తరుణమున బిల్‌బోర్డ్ పత్రిక శీర్షికలో ఆ ముఖచిత్రముపై అభ్యంతరము వెలువడినది. ఆ కాలపు స్థితిని కొంత చెప్పవలసియున్నది. 1992లో ఐస్-టి బృందము పాడిన 'కాప్ కిల్లర్' అను పాట విషయమై పోలీసు సంఘములు, రాజకీయ నాయకులు ఎలెక్ట్రా మాతృసంస్థయైన టైమ్ వార్నర్‌పై విరుచుకుపడిరి. ఆ దెబ్బ మానక మునుపే మరియొక వివాదమును మోయుటకు ఆ సంస్థ సిద్ధముగా లేదు. ఆల్బమ్‌ను నిలిపివేసి, బృందమును తొలగించి, టేపులను తిరిగి యిచ్చిరి. ఉరి దీయబడినది ఎవరో విచారింపక, ఉరి యున్నదను మాట యొక్కటే చూచిరి. లోపలి పాటలకు ఆ తీర్పులో ప్రమేయమే లేకపోయెను. తమ్ముడు పోయిన ఏడాదికే తమ్ముని తుదికృతియు సమాధి యగుట చూచిన ఆ 22 ఏండ్ల యువకుని దుఃఖమును నేను వర్ణింపజాలను. ఆ ఆల్బమ్ 'బ్లాక్ బాస్టర్డ్స్' అను పేర చిన్న సంస్థ ద్వారా వెలుగు చూచునప్పటికి శతాబ్దమే మారినది.

పిమ్మట మూడు నాలుగేండ్లు అతడు కనబడలేదు. మన్‌హాటన్ వీథులలో తిరుగుచు, బల్లలపై నిద్రించుచు, ఇల్లులేని స్థితికి అంగుళము దూరమున దినములు గడపితినని తరువాత అతడే చెప్పుకొనెను. కొంతకాలము అట్లాంటాకు చేరెను. సంగీతపరిశ్రమ తనను విరూపుని చేసినదనియు, దానిపై పగ తీర్చుకొందుననియు అతడు ప్రతిన పూనినట్లు ప్రసిద్ధి. విరూపత, పగ, ప్రతిన అను ఈ మూడును కామిక్ పుస్తకముల పరిభాషయే. బాల్యమున చదివిన ఆ పుస్తకములు దుఃఖకాలమున అతనికి ఒక పాత్రను అందించినవి. 1962లో స్టాన్ లీ, జాక్ కర్బీ సృష్టించిన డాక్టర్ డూమ్ అను ప్రతినాయకుడు ముఖము చెడి, లోహపు తొడుగు వెనుక బ్రదుకు మేధావి. తనను గూర్చి తాను పరునివలె, ప్రథమపురుషలో పలుకువాడు. డూమిలేను ఇంటి పేరును బట్టి చిన్ననాట నుండియు డూమ్ అని పిలుచువారు. పాత్ర అతనిని వెదకికొని వచ్చినదా యనిపించును.

1997 ప్రాంతమున న్యూయార్కులోని న్యూయోరికన్ పోయెట్స్ కెఫే అను కవుల వేదికపై, ఎవరైనను వచ్చి వినిపింపదగిన రాత్రులలో, ఆడువారి మేజోడు ముఖమున తొడిగికొనిన ఒక వ్యక్తి ప్రత్యక్షమయ్యెను. వేదిక క్రింది వారికి అతడెవరో తెలియదు. కుర్రవాడుగా రికార్డు కంపెనీల చిత్రములలో నవ్విన జెవ్ లవ్ ఎక్స్ ఇతడేయని పోల్చుకొనుటకు ఆధారము లేదు. మిగిలినది కంఠ మొక్కటే, అదియును మారినది. నాటి తేలిక యెగిరిపోయి బొంగురు దిగినది, వేగము తగ్గినది, మాటల నడుమ ఒక బరువు చేరినది. రేడియోలో రాత్రివేళ అజ్ఞాత ర్యాపర్లకు చోటిచ్చిన బాబిటో గార్సియా తన చిన్న రికార్డుల సంస్థ ద్వారా అతని పాటలను విడుదల చేసెను. 1999లో 'ఆపరేషన్: డూమ్స్‌డే' అను ఆల్బమ్ వచ్చినది. మేజోడు స్థానమున ముసుగు వచ్చినది. ఆటవస్తువుల అంగడిలో దొరకు మల్లవీరుని ముసుగుపై చిత్రకారుడైన స్నేహితుడొకడు వెండిరంగు చిమ్మి ఇచ్చినది తొలిరూపము. 'గ్లాడియేటర్' చిత్రమున వీరుడు ధరించిన శిరస్త్రాణపు నమూనా నుండి మలచిన లోహపు తొడుగు మలిరూపము. నుదురు మొదలు చెక్కిళ్ల వరకు లోహము, కన్నులకు రంధ్రములు, మాటకు మాత్రము అడ్డులేదు.

ముసుగెందులకని అడిగినవారికి అతడు పలుమారులు ఒకే తీరున సమాధానము చెప్పెను. ర్యాప్ క్రమముగా వినుట మాని చూచుటలోనికి జారిపోయినదనియు, పాడువాని రూపము, దుస్తులు, ఆభరణములు పాటను మ్రింగివేయుచున్నవనియు, మైకు వెనుక నున్నది ఎవరైన నేమి, మాట యెట్లున్నదో వినుడనియు దాని భావము. ఈ మాట ఎవరైనను చెప్పగలరు. కాని దీనిని డూమిలే నోట విన్నప్పుడు నాకు ఆ ఉరిబొమ్మ ముఖచిత్రము జ్ఞప్తికి వచ్చును. తన చేతి బొమ్మను చూచి, తన పాట వినకయే తీర్పు చెప్పిన లోకము అతని యెదుటనున్నది. ఆ లోకమునకు అతడిక రెండవ బొమ్మ చూపలేదు. చూచుటకు దీనినే ఉంచుకొనుడని ఒక రేకుముక్క నిచ్చెను. కనుక ఆ ముసుగు దాపరికము కాదని నా నమ్మకము. మసి ముఖపు నాటకములవారు నల్లవానికి బలవంతముగా తగిలించిన ముఖమును పెరికివేసి, తన ముఖమేదో తానే నిర్ణయించుకొను అధికారమును అతడు ఆ తొడుగుతో పుచ్చుకొనెను.

ఇచట అతని తల్లి పుట్టిన ద్వీపమును గూర్చి ఒక మాట చెప్పుట అప్రస్తుతము కాదు. ట్రినిడాడ్ కార్నివాల్ ఉత్సవమున మిడ్‌నైట్ రాబర్ అను వేషమొకటి కలదు. వెడల్పైన టోపీ, నల్లని అంగరఖా, చేత ఆయుధము ధరించి, ఆ అర్ధరాత్రపు దొంగ బాటసారులను అడ్డగించి, తన జననము వలన సూర్యుడు అస్తమించెననియు, తన అడుగునకు నగరములు కూలెననియు ఆడంబరభాషలో గంభీరోపన్యాసము చేసి, చిల్లర పుచ్చుకొనిగాని వారిని వదలడు. ఆ ద్వీపపు కాలిప్సో గాయకులును ప్రభువులుగను, మహాబలులుగను బిరుదనామములు ధరించియే పాడుదురు. డూమిలే ఆ వేషమును చూచి నేర్చెనని నేననను. కాని ముసుగు వేసికొని ప్రతినాయకత్వమును అలంకారముగా ప్రకటించు వాచికసంప్రదాయము అతని మాతృవంశపు నేలపై వర్ధిల్లియుండుట నాకు కేవలము కాకతాళీయముగా తోచదు. ర్యాపర్లు తమ గొప్పలను ఉత్తమపురుషలో 'నేను, నేను' అని చాటుకొను చోట, ఇతడు తన్ను 'ప్రతినాయకుడు' అని దూరమునుండి పేర్కొని, తన పాత్రకు తానే సూత్రధారుడై కథ నడపెను. ఆ ఒక్క మార్పుచే ర్యాప్‌లోని ఆత్మస్తుతికి నాటకత్వము చేకూరినది.

ఇక అతని అక్షరశిల్పము. ఛందస్సు చదివిన మీ యెదుట దీనిని కొంచెము వివరముగా చెప్పవలెనని నాకు కోరిక. మన పద్యమున ప్రాసయనగా నాలుగు పాదములందును రెండవ యక్షరమున ఒకే హల్లు నిలుచుట. దానిపై అచ్చు మారినను దోషము లేదు. డూమ్ ప్రాస సరిగా దీనికి విపర్యయము. అచ్చుల వరుస తప్పరాదు. హల్లులు ఏవైనను కావచ్చును. 'పాతగోడ', 'రాజయోగ', 'నాదలోల' అను మూడు మాటలను పలికి చూడుడు. ఏ స్థానమునను ఒక్క హల్లైనను కలియదు. అయినను ఆ, అ, ఓ, అ అను నాలుగు అచ్చులు మూటియందును ఒకే వరుసను నడచుటచే చెవికి ఇవి తోబుట్టువులుగా వినబడును. ఇంగ్లీషు పద్యమున సామాన్యముగా పాదాంతమున ఒక అక్షరము, హెచ్చైన రెండు అక్షరములు కలియుటతో ప్రాస తీరును. డూమ్ ఈ స్వరసామ్యమును ఐదారక్షరముల నిడివికి సాగలాగి, పాదాంతమున ఒకసారి, పాదమధ్యమున రెండుమార్లు నిలిపి, ఆ వరుసను నాలుగైదు పాదముల వరకు వదలక నడిపించును. అంతలో వాక్యము పాదాంతమున ఆగదు. తరువాతి పాదములోనికి చొచ్చుకొనిపోవును. తిక్కన పద్యము నెరిగినవారికి ఈ గమనము పరాయిది కాదు. ప్రాస ఒకచోట ముగియగా అర్థము వేరొకచోట ముగియును. ఆ రెంటి నడుమ నున్న ఖాళీయందే అతని హాస్యము నివసించును.

మరియొక చమత్కారము. శ్రోత పాదము వినుచు రాబోవు ప్రాసపదమును ముందే ఊహించును. అది తరచుగా సభలో పలుకరాని మాటయై యుండును. డూమ్ సరిగా అక్కడికి తీసికొనిపోయి, ఆ మాటను మ్రింగి, దాని స్థానమున అమాయకమైన వేరొక పదమును కూర్చోబెట్టును. తప్పు తలంపు శ్రోతది, పలుకు మాత్రము కవిది. మన చాటుకవులకు ఈ విద్యయందున్న ప్రీతి మీరెరిగినదే. ఇంత శ్రమ పడిన నిర్మాణమును అతడు పలుకు తీరు చూడుడు: ఆవేశము లేదు, అరుపు లేదు, తాళమునకు వెంట్రుకవాసి వెనుకగా, నిద్రనుండి లేచి మాటలాడువానివలె తాపీగా పలుకును. శ్రమ కనబడకుండుటయే ఆ కళకు పరాకాష్ఠ.

ఈ శిల్పము పరిపూర్ణముగా వినిపించు ఆల్బమ్ 2004 మార్చి 23న స్టోన్స్ త్రో సంస్థ విడుదల చేసిన 'మ్యాడ్‌విలనీ'. దీనికి సంగీతము కూర్చినవాడు కాలిఫోర్నియాకు చెందిన మ్యాడ్‌లిబ్. అతడు బ్రెజిల్ దేశమునకు పోయినప్పుడు హోటలు గదిలో చిన్న శాంప్లర్ యంత్రము, చేతిలో పట్టు గ్రామఫోను, ఒక టేపు యంత్రము ముందుంచుకొని, అంగళ్లలో కొనిన పాతరికార్డుల నుండి తునుకలు తీసి పెక్కు వరుసలు అల్లెను. పని సగములో నుండగా తొలిప్రతి బయటకు పొక్కి, విడుదలకు ఏడాదికి పైగా ముందే లోకమున తిరిగినది. విసుగు చెందిన ఇద్దరును దానిని ప్రక్కన బెట్టి వేరు పనులలో పడిరి. మరల చేపట్టినప్పుడు డూమ్ తన భాగములను మరింత నెమ్మదియైన, లోతైన కంఠముతో తిరిగి పలికెను. దొంగిలింపబడిన ప్రతి ఈ విధముగా చిత్తుప్రతియై, శ్రోతలకు మేలే చేసినది. ఇరువదిరెండు ఖండికలు; మొత్తము నలువదియారు నిమిషములు. పల్లవులు దాదాపు లేవు. వచ్చును, చెప్పవలసినది చెప్పును, పోవును. 'అకార్డియన్' అను ఖండిక రెండు నిమిషములైనను లేదు. తిత్తి ఊపిరి తీసి వదలినట్లు ఒకే నాదము మరల మరల ఊగుచుండగా, దానిపై అతడు ఏ ఉపోద్ఘాతమును లేక ప్రవేశించి, ఏ ఉపసంహారమును లేక నిష్క్రమించును. చిత్రవిచిత్రములైన కవళికలు, రంగుబట్టలు, కార్లు నిండిన ఆనాటి ఆల్బముల మధ్య దీని ముఖచిత్రము ముసుగు ముఖపు నలుపు తెలుపు ఛాయాచిత్రము. మూలన చిన్న నారింజరంగు చదరము. అంతే. ఇందలి ఒక ఖండికలో రాహుల్ దేవ్ బర్మన్ స్వరపరచిన హిందీ సినిమా పాట తునక యొకటి వినవచ్చును. మ్యాడ్‌లిబ్ 2007లో భారతీయ సినిమా సంగీతము నుండియే ఒక పూర్తి వాద్యసంపుటమును కూర్చెను గనుక, మన దేశపు పాతరికార్డులు ఆ గదులలో ఎంత గౌరవముతో వినబడినవో గ్రహింపవచ్చును.

డూమ్ ఒక ముసుగుతో తృప్తి చెందలేదు. 2003లో గాడ్జిల్లా చిత్రములలోని మూడుతలల రాక్షసుని పేర కింగ్ గీడోరా అయ్యెను; అదే ఏడాది విక్టర్ వాన్ అను యువదుష్టుడయ్యెను. 2004 నవంబరులో వచ్చిన 'ఎమ్ఎమ్.. ఫుడ్' అను ఆల్బమ్ పేరు తన పేరులోని అక్షరములనే తారుమారు చేసి కట్టినది. అందలి ఖండికలలో పెక్కు తిండి, పానీయముల పేర్లతో నడచును. 2005లో డేంజర్ మౌస్‌తో కలిసి చేసిన ఆల్బమ్ మనోహరమైనదే గాని, అందలి కార్టూను పాత్రల హడావిడి నాకు కొంత అతిశయముగా తోచినది. అంతకంటె నాకు ప్రియమైనవి మాటలేని అతని వాద్యసంపుటములు. 'స్పెషల్ హెర్బ్స్' అను ఆ సంపుటములలో ప్రతి వరుసకును ఒక మూలికదో, దినుసుదో పేరు పెట్టెను. మెంతులున్నవి, కుంకుమపువ్వున్నది, మన ఆయుర్వేదపు అంగళ్లలో అమ్ము సఫేద్ ముస్లీయు నున్నది. పాడునప్పుడు లోహముఖుడు, వాద్యము కూర్చునప్పుడు లోహపు వ్రేళ్లవాడు: అతని పొడి అక్షరములకు ఈ రెండర్థములును చెల్లినవి.

గుణములు చెప్పిన నోటితో దోషములను చెప్పకుండుట స్మారకసభకు మర్యాద కాదు. 2007 ప్రాంతము నుండి అతని కచేరీలకు ముసుగు ధరించిన వేరొకడు వచ్చి, రికార్డునకు పెదవులు కదిపి పోయినట్లు ఆరోపణలు వచ్చినవి. తాను ఆ పాత్రకు రచయితననియు, దర్శకుడననియు, ఎవరిని నటింపజేయవలెనో తన యిష్టమనియు అతడు సమర్థించుకొనెను. సిద్ధాంతముగా ఇది అతని ముసుగునకు తార్కికమైన పర్యవసానమే. కాని టిక్కెట్టు కొని, దూరము నుండి వచ్చి, ఆ కంఠమును ఎదుట వినగోరిన వానికి కంఠమే దక్కకపోయినచో, మాటయే ముఖ్యమను ప్రతిజ్ఞ ఏమైనట్లు? నేను దీనిని సమర్థింపజాలను. 2009లో వచ్చిన 'బార్న్ లైక్ దిస్' ఆల్బమ్‌లో స్వలింగప్రియులను కించపరచు ఖండిక యొకటి కలదు. ఒక జాతిని అవహేళన చేయు బొమ్మపై గీత కొట్టుటతో జీవితము ప్రారంభించినవాడు అట్టి అవహేళననే వేరొకరిపై విసరుట నాకు మిక్కిలి బాధ కలిగించును. అదే ఆల్బమ్‌లో చార్లెస్ బుకోవ్‌స్కీ అను కవి స్వయముగా చదివిన కవితను ముందు నిలిపి, ఆ కవియెదుట తానొక కవిగా నిలుచుటయు కలదు. రెండును ఒకే మనిషివి.

2010లో ఐరోపా పర్యటన ముగించుకొని తిరిగివచ్చుచుండగా అమెరికా అతనిని రానీయలేదు. బాల్యమున పూర్తికాని పౌరసత్వపు పత్రముల వెలితి అప్పుడు బయటపడినది. అమెరికా నగరపు కళలో, అమెరికా నగరపు భాషలో జీవితమంతయు పలికినవాడు, తాను పుట్టి విడిచిన ఇంగ్లండున, భార్యాబిడ్డలకు దూరముగా కొంతకాలము గడపవలసి వచ్చెను. తరువాత కుటుంబము అతనిని చేరుకొనినది. 2012లో జనీరో జారెల్‌తో కలిసి చేసిన ఆల్బమ్‌లో ఆ ప్రవాసము వినబడును. ఇంగ్లండు వీథుల పలుకుబళ్లు, తనను రానీయని దేశమును గూర్చిన గురుతులు అందు దొరలును. 2014లో ఒక నవయువ ర్యాపరుతో కలిసి పనిచేసెను. బిషప్ నెహ్రూ అను ఆ యువకుడు తన రంగస్థలనామమున మన జవహర్‌లాల్ నెహ్రూ పేరును ధరించినవాడు. పద్దెనిమిదేండ్ల ఆ కుర్రవానికి నలువది దాటిన డూమ్ సంగీతము సమకూర్చి, పలుకు భాగమును చాలవరకు అతనికే వదలి, తాను వెనుకకు జరిగెను. తమ్ముడు బ్రదికియుండి యన్నతో పాడిన దినములలో తానును ఇంచుమించు ఆ వయసువాడే. 2017లో తన కౌమారప్రాయపు కుమారుని కోల్పోయినట్లు అతడే ప్రకటించెను. అంతకుమించి లోకమునకు ఏమియు చెప్పలేదు.

మరణానంతరము 2021లో జార్‌ఫేస్ బృందముతో కలిసి చేసిన ఆల్బమ్ వెలువడినది. అదే ఏడాది జూలై 31న, అన్నదమ్ములు పెరిగిన లాంగ్ ఐలండులోని లాంగ్ బీచ్ పట్టణమున ఒక వీథికి కె.ఎం.డి., ఎం.ఎఫ్. డూమ్ పేర్లు కలిపి పెట్టిరి. తమ్ముని బృందము పేరు ముందును, తన పేరు వెనుకను నిలిచినవి. 'మ్యాడ్‌విలనీ'కి ఎన్నో ఏండ్లుగా ప్రకటింపబడుచు వచ్చిన రెండవ భాగము అతని జీవితకాలమున రాలేదు.

ఈ సంగీతమును ఎన్నడును వినని వారు ఎచట మొదలుపెట్టవలెనని నన్ను అడుగుదురు. 'మ్యాడ్‌విలనీ'తో మొదలుపెట్టవలదని నా సలహా. అది అలవాటైన చెవికి పండుగ, అలవాటులేని చెవికి చిక్కుముడి. ముందుగా 'ఆపరేషన్: డూమ్స్‌డే'లో 'డూమ్స్‌డే' అను పాట వినుడు. షాడే పాడిన ఒక ప్రేమగీతపు మృదువైన తునుకపై అది నడచును. దానియందు తమ్ముని ప్రస్తావన వినబడును. పిమ్మట అదే ఆల్బమ్‌లో ప్రశ్నార్థకచిహ్నమే పేరుగాగల పాట వినుడు. ఆ తమ్మునితో గడపిన దినములను అన్న తలచుకొనుట అందు కలదు. ఆ రెండును విన్న తరువాత 'అకార్డియన్'కు రండు. తొలిసారి అర్థమునకై తడుముకొనక, అచ్చుల వరుసను మాత్రము వ్రేళ్లపై లెక్కించుచు వినుడు. భాష రాని వారికిని ఆ లెక్క చిక్కును. రెండవసారి పాఠమును ఎదుట ఉంచుకొని వినుడు. ముసుగు వెనుకనున్న ముఖమెట్టిదో చూడవలెనను కుతూహలము నాకు ఆ రెండవసారికే నశించినది.